ఇతరములు గడిలో ముప్పై మూడేళ్ళు

మా నీళ్ళ ఆఫీసులో ఎవరు రిటైరైనా వీడ్కోలు సభలో చదివే కాగితం ఒక్కటే. అది టైపిస్టు సొరుగులో, గుండుసూదుల డబ్బా కింద ఉంటుంది. మొత్తం పన్నెండు లైన్లు. నిజాయితీ, క్రమశిక్షణ, అంకితభావం, చెరగని ముద్ర, శేషజీవితంలో సుఖసంతోషాలు, అన్నీ వరసగా ఉంటాయి. పేరూ, హోదా, చేరిన తేదీ మాత్రం పెన్సిల్‌తో రాస్తారు. సభ అయిపోయాక రబ్బరుతో చెరిపి మళ్ళీ సొరుగులో పడేస్తారు. ఇది ఎవరి తెలివితేటలో నాకు తెలియదు గానీ, నేను ఉద్యోగంలో చేరేనాటికే పేరు రాసే చోట ఆ కాగితం ఉల్లిపొరలా పల్చబడిపోయింది.

ఒకసారి మా స్టోర్ కీపర్ సభలో పెద్ద పొరపాటే జరిగింది. అంతకు ముందు నెలలో రిటైరైన డ్రైవరు కోసం చివర్లో పెన్సిల్‌తో ఒక లైను చేర్చారు. దాన్ని చెరపడం మర్చిపోయారు. ‘ముప్పై ఏళ్ళపాటు ఒక్క ప్రమాదమూ లేకుండా వాహనం నడిపిన వీరు’ అని స్టోర్ కీపర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చదివేశారు. ఆయన సైకిలు తొక్కడం కూడా రాని మనిషి. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. స్టోర్ కీపరైతే కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆ రోజు ఆ మాటలు చెవిన వేసుకున్నవాడు హాల్లో ఒకే ఒక్కడు. నా పక్క కుర్చీలో కూర్చుని ఫిర్యాదులు రాసుకునే బాబాయ్. సభ అయ్యాక నా దగ్గరికి వచ్చి, ‘అమ్మాయ్, నువ్వు దేనికి చప్పట్లు కొట్టావ్?’ అని అడిగాడు. నేను ఆయన మీదే విసుక్కున్నాను.

బాబాయ్ నాకు చుట్టం కాదు. ఆఫీసుకంతటికీ ఆయన బాబాయే. పైపులు తవ్వే ఫిట్టర్లకీ, గదులు ఊడ్చే ఆవిడకీ, ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన డ్రైవరుకీ కూడా. మెత్తని గొంతు, ఎప్పుడూ రెండు చేతులకీ సిరా. పంతొమ్మిదేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. ఆ పంతొమ్మిదేళ్ళలో సగం కాలం ఆయన మీద చిరాకు పడుతూనే ఉన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అనుకుంటారు. అబద్ధమేమీ కాదు.

గుమ్మం ఎదురుగా పొడవాటి చెక్క కౌంటరు. అటు జనం, ఇటు మేమిద్దరం. కొత్త కుళాయిల దరఖాస్తులు నావి, ఫిర్యాదులు ఆయనవి. ఫిర్యాదుల పుస్తకంలో అచ్చేసిన గడులు నాలుగే నాలుగు. నీరు రాకపోవుట, తక్కువగా వచ్చుట, మురికిగా వచ్చుట, ఇతరములు. వచ్చినవాళ్ళు ఏ రామాయణం చెప్పినా మొదటి మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టి పంపేయాలి. పద్ధతి అదే. ఇతరములు గడి బొటనవేలంత వెడల్పు కూడా ఉండదు. బాబాయ్ చేరిన వారం రోజులకే ఆ గడికి తెల్లకాగితాలు జిగురుతో అంటించడం మొదలుపెట్టాడట. ఎవరు ఏ మాట అంటే ఆ మాటే రాసేవాడు. ఒక్క ముక్క తీసేవాడు కాదు, ఒక్క ముక్క కలిపేవాడు కాదు. ఏడాది తిరిగేసరికి పుస్తకం ఉబ్బిపోయి మూత పడేది కాదు.

‘కుళాయి తిప్పితే ముందు దగ్గుతుంది, తర్వాత ఉమ్ముతుంది, ఆ తర్వాతే నీళ్ళు.’ ‘మేడ మీదాయన గడ్డం గీసుకుంటే మా వంటింట్లో నీళ్ళు ఆగిపోతున్నాయి.’ ‘నీళ్ళు మా ఆడపడుచులా వస్తున్నాయి. చెప్పా పెట్టకుండా వచ్చి, మేం బిందె తెచ్చేలోపే అలిగి వెళ్ళిపోతున్నాయి.’ ఇలా ఉండేది ఆయన రాత. అవతలివాళ్ళు ఆగితే ఈయనా పెన్ను ఎత్తి ఆగేవాడు. వాళ్ళు మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ రాసేవాడు. ఆయన ముందు వరస కదిలేది కాదు. నా ముందు వరస చకచకా అయిపోయేది. ఖాళీగా కూర్చున్న నన్ను ఆ వరసలోవాళ్ళు గుర్రుగా చూసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండదూ మరి?

అప్పట్లో ఒక ఇంజనీరు గారుండేవారు. ఏ కాగితం తీసుకెళ్ళినా ‘క్లుప్తంగా రాయండి’ అనేవారు కాబట్టి అందరం ఆయన్ని క్లుప్తం గారనేవాళ్ళం. ఆయన ఒకరోజు ఆ ఉబ్బిన పుస్తకం చూసి, ఇది ఫిర్యాదుల పుస్తకమా కథల పుస్తకమా అని అందరి ముందూ అడిగారు. బాబాయ్ నీళ్ళు నమల్లేదు. ఫిట్టర్లని అడగమన్నాడు, అంతే. పెద్ద ఫిట్టర్ని పిలిపించారు. ఉత్త టిక్కు చూసుకుని వెళితే మూడు చోట్ల తవ్వాల్సి వస్తుందనీ, బాబాయ్ రాసింది చదువుకుని వెళితే ఒక్కచోట తవ్వితే సరిపోతుందనీ అతను చెప్పాడు. కుళాయి దగ్గిందంటే పైపులో గాలి చిక్కుకున్నట్టు. మేడ మీద గడ్డం గీస్తే కింద నీళ్ళాగాయంటే పైపు సగం పూడుకుపోయినట్టు. క్లుప్తం గారు అంతా విని, ‘సరే’ అన్నారు. అంతకంటే క్లుప్తంగా ఆయన కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

బాబాయ్‌కి మూడుసార్లు ప్రమోషన్ వచ్చింది. పై అంతస్తులో విడిగా గది, తలుపు మీద పేరు, కిటికీ పక్కన బల్ల. అక్కడికి జనం రారు కాబట్టి మూడుసార్లూ వద్దన్నాడు. మూడోసారి నేను ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయన నవ్వి, పైన కూర్చుంటే తోచదన్నాడు. పోనీ ఇంట్లో ఏమంటారని అడిగితే మాత్రం మాట దాటేశాడు.

ఆయన రిటైర్మెంటుకి వారం ముందు టైపిస్టు పెన్సిల్ పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది. చేరిన తేదీ చెప్పమని అడిగింది. తేదీ అయితే చెప్పాడు గానీ, ఆ పెన్సిల్ చూసి బాబాయ్ మొహం వాడిపోయింది. టీ వేళ నన్ను పక్కకి పిలిచి, ఆ కాగితం తన సభలో చదవనివ్వొద్దని అడిగాడు. నేను ఆటపట్టించాను. ప్రమాదం లేకుండా వాహనం నడిపారని మీకూ కలుపుతాంలెండి అన్నాను. ఆయన నవ్వలేదు.

“ఆ రోజు మీ పిన్ని వస్తోందమ్మాయ్” అన్నాడు. “ముప్పై మూడేళ్ళలో తను ఈ గుమ్మం తొక్కలేదు. మా బావమరిది కూడా వస్తాడు. మూడుసార్లు ప్రమోషన్ వద్దన్నానని ఇద్దరికీ ఇప్పటికీ నా మీద కోపమే. చేతగాక వద్దన్నానని అనుకుంటారు. నేనిక్కడ ఏం చేశానో తనకి తెలియదు. ఆ కాగితం చదివేశారంటే ఇంక ఎప్పటికీ తెలియదు.”

“ఇన్నేళ్ళలో మీరే ఒక మాట చెప్పుండొచ్చుగా బాబాయ్?”

“పొద్దుట్నుంచీ విని విని వెళ్తానా, ఇంటికెళ్ళేసరికి నోరు పెగలదు. అలా అలవాటైపోయింది.”

జాలి వేసింది. జాలి వేస్తే నేను ఊరికే మాటలిచ్చేస్తాను. ఆ కాగితం సంగతి మర్చిపొమ్మన్నాను. నేనే రాస్తాననీ, విన్నాక పిన్ని కుర్చీలోంచి లేవలేకపోతుందనీ కూడా కోతలు కోశాను.

ఆ తర్వాత నాలుగు రోజులు నా తల ప్రాణం తోకకొచ్చింది. దరఖాస్తులు నింపినంత సులువు కాదు మనిషి గురించి రాయడం. ఎటు తిప్పి రాసినా చివరికి అంకితభావం వచ్చి కూర్చునేది. మూడోరోజు రాసింది మావారికి చూపించాను. చాలా బాగుంది, ఎవరికైనా పనికొస్తుంది అన్నారు. ఆయన మెచ్చుకున్నారే గానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ‘అమ్మా, నువ్వు తిడితే బాగుంటుంది, పొగిడితే బాలేదు’ అని మా అమ్మాయి తేల్చేసింది. ఆ కాగితం కూడా చించేశాను.

సభకి ముందురోజు, కనీసం తేదీలైనా సరిగ్గా ఉండాలని రికార్డు గదిలోకి వెళ్ళాను. ఆయన మొదటి ఏడాది పుస్తకం తీశాను. ఒక పేజీ చదివి పెట్టేద్దామనుకున్నాను. ఇంకో పేజీ, ఇంకో ఏడాది పుస్తకం అనుకుంటూ అక్కడే నేల మీద చతికిలబడ్డాను. నా కోసం వెతుక్కుంటూ వచ్చిన పెద్ద ఫిట్టరూ నా పక్కనే కూర్చుండిపోయాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఒక పేజీ దగ్గర మాత్రం అతను నవ్వడం ఆపేసి దాని మీద వేలు పెట్టాడు. రేపు ఇది చదవమనీ, మిగతా సంగతి తాను చెబుతాననీ అన్నాడు. అప్పుడు నాకు బుర్ర వెలిగింది. నేను రాయాల్సిందేమీ లేదు. అంతా ఆయనే రాసి పెట్టాడు. నేను చదివితే చాలు.

మర్నాడు మధ్యాహ్నం మీటింగు హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. పిన్ని ముందు వరసలో, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని నిటారుగా కూర్చుంది. పక్కన బావమరిది ఫోనులో మునిగి ఉన్నాడు. ఎదురుగా వేదిక మీద ఇంజనీరు గారి పక్కన బాబాయ్. పరీక్ష ఫలితాల కోసం కూర్చున్న పిల్లాడిలా అరచేతులు రుద్దుకుంటున్నాడు. ఆయన ముప్పై మూడేళ్ళూ ఈ అరగంటలో తేలిపోతాయన్నట్టుంది ఆ మొహం చూస్తే.

ఇప్పటి ఇంజనీరు గారు కొత్తవారు, వచ్చి మూడు నెలలైంది. నేను చదువుతానని ఆయనకి ముందే చెప్పి ఉంచాను. టైపిస్టుకి చెప్పడం మాత్రం మర్చిపోయాను. ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ పన్నెండు లైన్ల కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టేసింది. పెద్దమనిషి లేచి నిలబడి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేశారు. బాబాయ్ తలెత్తి నన్నే చూశాడు.

‘నిజాయితీకి మారుపేరైన శ్రీ’ అని చదివి ఇంజనీరు గారు ఆగిపోయారు. అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఇన్నేళ్ళ రబ్బరు దెబ్బలకి, బాబాయ్ పేరు దగ్గరికొచ్చేసరికి ఆ కాగితం చిరిగి కన్నం పడింది. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఆ కన్నంలోంచి ఆయన కళ్ళజోడు మాకు కనిపించింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నేను లేచాను. “సార్, ఆ కాగితం కూడా ఇవాళే రిటైరైనట్టుంది. నేను చదువుతాను” అని మూడు లావుపాటి పుస్తకాలు మోసుకుని ముందుకెళ్ళాను.

పిన్నిగారి కోసం ముందుగా నాలుగు గడుల సంగతి చెప్పాను. ఆ తర్వాత ఇంకేమీ కలపకుండా చదువుకుంటూ పోయాను. దగ్గే కుళాయి చదివాను. మేడ మీద గడ్డం చదివాను. కుళాయి కింద బిందె పెట్టి పెళ్ళికి వెళ్ళొచ్చినా నిండలేదన్న ఒకాయన గోడు చదివాను. హాలు గొల్లుమంది. బావమరిది ఫోను జేబులో పెట్టేశాడు. పిన్ని మొదట్లో మొహం బిగించుకునే ఉంది గానీ, నీళ్ళని ఆడపడుచుతో పోల్చిన చోటికి వచ్చేసరికి ఆవిడకీ నవ్వాగలేదు. అప్పుడు పెద్ద ఫిట్టరు వేలు పెట్టిన పేజీ తీశాను.

“ఇరవై రెండేళ్ళ కిందట, ఒక పెద్దావిడ. ‘కుళాయి బాగానే వస్తోంది బాబూ. మా వీధిలో నడిచేవాళ్ళ చెప్పుల చప్పుడు మారింది. ఇదివరకు గట్టిగా వినిపించేది, ఇప్పుడు డొల్లగా వినిపిస్తోంది. నాకు కళ్ళు కనపడవు, చెవులతోనే అన్నీ తెలుసుకుంటాను. ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలీక మీ దగ్గరికొచ్చాను.’”

ఎవరూ నవ్వలేదు. పెద్ద ఫిట్టరు నిలబడి మిగతాది చెప్పాడు. ఆ రోజు ఈ నాలుగు ముక్కలు చదివి అతను గడ్డపార పట్టుకుని ఆ వీధికి వెళ్ళాడు. రోడ్డు మీద కొట్టి చూస్తే కింద బోలుగా మోగింది. పెద్ద పైపు ఎప్పటి నుంచో కారి కారి అడుగున మట్టినంతా తోడేసింది. అప్పటికప్పుడు తాళ్ళు కట్టి వీధి మూసేశారు. మర్నాడు పొద్దున, పిల్లలు బడికెళ్ళే వేళకి, ఆ రోడ్డు నిలువెత్తు లోతుకి కూలిపోయింది. దాని మీద ఒక్క మనిషి లేడు. ఏ గడిలో టిక్కు పెడితే తనకి ఆ సంగతి తెలిసేదో చెప్పండి అని అడిగి అతను కూర్చున్నాడు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఈసారి దేనికి కొడుతున్నానో నాకు తెలుసు. బాబాయ్ మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

ఇంజనీరు గారు పిన్నిని రెండు మాటలు మాట్లాడమన్నారు. మామూలుగా ఇంటివాళ్ళు లేచి అందరికీ కృతజ్ఞతలని కూర్చుంటారు. పిన్ని లేచింది గానీ మైకు దగ్గరికి రాలేదు. ఉన్నచోటే నిలబడింది.

“నాకు సభల్లో మాట్లాడటం రాదు. ఈయన ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంటారు. నేనేదైనా చెప్పబోతే ఊ అంటారు, అంతే. నా మాటలు ఈయనకి పట్టవనుకున్నాను. అలా అనుకుని అనుకుని చెప్పడమే మానేశాను. ఊళ్ళోవాళ్ళ మాటలు మాత్రం ఒక్క ముక్క పోకుండా రాసుకున్నారని ఇప్పుడే తెలిసింది. చాలా మంచి పని చేశారు. కాదనను. నా మాటలే ఏ పుస్తకంలోనూ లేవు.”

ఆయన్ని గట్టెక్కిస్తానని నేను చేసిన పనే ఆయన కొంప ముంచిందనుకున్నాను. పుస్తకాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

బాబాయ్ వేదిక దిగి వచ్చాడు. ముందు వరసలో ఒక కుర్చీ లాగి పిన్నికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

“చెప్పు” అన్నాడు.

“ఇక్కడా? ఇంతమందిలోనా?”

“ఇంటికెళ్తే మళ్ళీ కళ్ళు మూసుకుంటానేమో. ఇక్కడే చెప్పు.”

పిన్ని కూర్చుని, సంచి పక్కన పెట్టింది. “వంటింటి కుళాయి పదకొండేళ్ళుగా కారుతోంది” అంది.

హాలు పగలబడి నవ్వింది. ఫిట్టర్లు ముగ్గురికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్ద ఫిట్టరు లేచి, రేపు పొద్దున్నే వచ్చి మార్చేస్తానన్నాడు.

“కూర్చో నాయనా, నేను చెబుతోంది నీతో కాదు” అంది పిన్ని. ఆ తర్వాత బాబాయ్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది. “రోజూ మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని ఆ చుక్కలు లెక్కపెట్టుకుంటూ భోంచేస్తున్నాను. కుళాయి బాగుచేయించకపోయినా పర్లేదు. రేపట్నుంచి మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చోండి.”

బాబాయ్ కళ్ళు తడిశాయి. తుడుచుకోలేదు. తల ఊపి, “ఇంకా?” అన్నాడు.

ఇంజనీరు గారు మంచి మనిషి. మా అందరికీ సైగ చేసి బయటికి పంపేశారు. మేం వరండాలో నిలబడి టీలు తాగాం, బిస్కట్లు తిన్నాం, బావమరిది కూడా మాతోపాటే వచ్చి ఆ రోడ్డు ఏ వీధిలో కూలిందో వివరంగా అడిగి తెలుసుకున్నాడు. ఇవ్వాల్సిన గోడ గడియారం సంగతి అందరం మర్చిపోయాం. ఖాళీ కప్పులు లోపల పెడదామని నేను తలుపు తీసి చూస్తే, పిన్ని చేతులు తిప్పుతూ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. బాబాయ్ ముందుకు వంగి ఆవిడ మొహంలోకే చూస్తూ వింటున్నాడు. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.